ఫ్రెంచ్ నోట్‌బుక్‌లో ఎర్ర గీతలెందుకు?



"మావాడు ఫ్రెంచ్ చక్కగా మాట్లాడుతున్నాడు, డిక్టేషన్‌లో మార్కులెందుకు పోతున్నాయి మేడమ్?" అని కొందరు అడిగారు. 1954 వరకు ఫ్రెంచి పాలనలో ఉన్న యానాం మన ఉప్పాడకు దగ్గరే. అయినా పిల్లలకిది కొత్త భాషే.

తెలుగులో 'వచ్చాడు', 'వచ్చింది' వినగానే తేడా తెలుస్తుంది. ఫ్రెంచ్‌లో రెండింటికీ 'వెన్యు' అనే వినిపిస్తుంది. ఆడపిల్ల గురించి రాస్తే మాత్రం చివర పలకని 'ఈ' అక్షరం చేర్చాలి. చెవికి అందనిది చేతికి అలవాటు కావాలి.

డెల్ఫ్ ఏ1 స్థాయిలో చిన్న సందేశం, ఏ2లో తన అనుభవం, బీ1లో తన అభిప్రాయం రాయగలగాలి. మెట్లు దాటించకండి.

మీకు ఫ్రెంచ్ రాకపోయినా ఫర్వాలేదు. రోజూ మూడు వాక్యాలు రాయించి, తెలుగులో అర్థం చెప్పమనండి. టీచర్ దిద్దిన వాక్యాన్ని మళ్లీ రాయించండి. తప్పుకు తిడితే మాత్రం పిల్లలు రాయడమే మానేస్తారు.