అమ్మ పాత చీర... బాలచంద్రుడి నడికట్టు

విజయపురి సౌత్: బడిలో వేషధారణ పోటీ అని కబురు రాగానే పిల్లలు గంతులేస్తారు. పెద్దలకు మాత్రం బెంగ పట్టుకుంటుంది. పట్నం వెళ్లాలి, దుస్తులు అద్దెకు తేవాలి, నలగకుండా తిరిగి అప్పజెప్పాలి. అంత స్తోమత లేని ఇంటి పిల్లాడు ఆ రోజు కడుపునొప్పి అంటూ బడి ఎగ్గొడతాడు. నిజానికి వేషానికి కావలసిన సరంజామా చాలావరకు ఇంట్లోనే ఉంటుంది.

వేషాలు మన పల్లెలకు కొత్త కావు. పగటివేషగాళ్ల అర్ధనారీశ్వర వేషంలో ఒకే మనిషి సగం శివుడు, సగం పార్వతి. ఒక గుడ్డను తెరగా అడ్డుపెట్టుకుని ఒక్కో పక్కనే చూపుతాడు. అమెరికాలోనూ అక్టోబరు 31న హాలోవీన్ పండుగకు పిల్లలు వేషాలు కట్టి, ఇంటింటికీ తిరిగి మిఠాయిలు అడుగుతారు. మన హరిదాసు సంక్రాంతికి ఇంటింటికీ వచ్చినట్లే!

ఆ హరిదాసు వేషమే అన్నిటికన్నా సులువు. నాన్న పంచె, నుదుట నామం, మెడలో బంతిపూల దండ, చేతిలో చిడతలు చాలు. తలమీద చుట్టకుదురు పెట్టి, దానిపై తేలికపాటి చెంబు నిలిపితే అదే అక్షయపాత్ర.

పల్నాడు పిల్లవాడికి బాలచంద్రుడి కన్నా సొంతమైన వేషం ఏముంది? అట్టతో కత్తి, అమ్మ పాత చీరతో నడికట్టు, కాటుకతో మీసం. చేతిలో బొంగరం మరచిపోకూడదు. ఆడపిల్లకైతే కచ్చపోసి చీర కట్టి, నడుముకు అట్టకత్తి దోపితే నాయకురాలు నాగమ్మ సిద్ధం.

ఊరి పేరులోనే మరో వేషం ఉంది. 3, 4 శతాబ్దాల్లో ఇక్ష్వాకుల రాజధాని పేరు విజయపురి. సాగర్ జలాల నడుమ ఉన్న నాగార్జునకొండ మ్యూజియంలోని శిల్పాల్లో నాటి తలపాగాలు, హారాలు కనిపిస్తాయి. వాటిని చూసి వచ్చిన పిల్లలు పాత పంచెతో పాగా చుట్టవచ్చు, మట్టిపూసలతో హారం గుచ్చవచ్చు.

కొన్ని జాగ్రత్తలు తప్పవు. అట్ట అవసరమని పురుగుమందు పెట్టెలను ముట్టుకోకూడదు. గోడలకు వేసే రంగులు ముఖానికి పూయకూడదు. దూది గడ్డం పెట్టిన పిల్లలను దీపాలకు, టపాకాయలకు దూరంగా ఉంచాలి. ముసుగు వేస్తే కళ్లకు చూపు, ముక్కుకు గాలి అందాలి.

అన్నిటికన్నా ముఖ్యం, పని పిల్లల చేత చేయించడం. కత్తెర పట్టనివ్వాలి, మైదా జిగురు పూయనివ్వాలి. అట్ట ఆరేలోగా ‘బాలచంద్రుడి చేతిలో బొంగరమెందుకు?’ అని వాళ్లే అడుగుతారు. అప్పుడు కథ చెప్పడానికి పెద్దలు సిద్ధంగా ఉండాలి. కిరీటం కాస్త వంకరగా వచ్చినా ఫరవాలేదు. మరునాడు తిరిగి ఇచ్చేయనక్కరలేని కిరీటం అది.