బొంతకు వెల యెంత?

బొంత యనగానే మనలో పెక్కండ్రకు లేమి గుర్తునకు వచ్చును. పూర్వులకును అట్లే తోచినది కాబోలు. కార్యసాధకుడైన ధీరుడు ఒకప్పుడు కంథను, మఱియొకప్పుడు దివ్యాంబరములను ధరించుననియు, సుఖదుఃఖములను లెక్కింపడనియు భర్తృహరి నీతిశతకమున నున్నది. ఆ కంథనే ఏనుగు లక్ష్మణకవి తెనిగించుచు బొంత యన్నాడు. వంగదేశమున ఆ సంస్కృతపు మాటయే నేటికిని "కాంథా" యై నిలిచి, పాతచీరల పొరలపై పూవులును పక్షులును కుట్టెడి విద్యకు పేరైనది. కన్నడదేశమున దీనిని కౌది యందురు.

హైదరాబాదునకు తూర్పున, దిల్‌సుఖ్‌నగరునకును ఎల్.బి. నగరునకును నడుమ, చైతన్యపురి ప్రాంతమున మేము కాపురముండు వీధిలో బొంతలు కుట్టి జీవించు నొక యామె కలదు. మగడు ఆటో నడుపును, ఇద్దరు పిల్లలు. ఈ పేటలలో వస్త్రపు టంగళ్లకు కొదవ లేదు. యంత్రముపై కుట్టిన రజాయిలు కొల్లలుగా దొరకును. ఐనను ఆమె గుమ్మము నొద్దకు పాతచీరల మూటలు వచ్చుచునే యున్నవి. తెల్లవారుజామున నీళ్లు పట్టి, వంట ముగించి, పిల్లలను బడికంపిన పిమ్మట పది గంటలకు ముందుగది బండలపై చీరలు పఱచి కూర్చుండును.

చీర నూలుదై యుండవలెను. పాలియెస్టరు చీర చెమటను పీల్చదు; పొరల నడుమ జాఱిపోవును; సూదిని పట్టి లాగును. మాయింటి మూటను విప్పి చూడగా నూలువి మూడవవంతైనను లేవు. ఉతుకుట సులభమని కొన్నవన్నియు ఇప్పుడు గిన్నెలవానికి తప్ప మఱెవ్వరికిని పనికిరావు!

నూలుచీరలను గోరువెచ్చని నీట నానబెట్టి గంజి వదలించి, అంచులను విడిగా గోసి దాచును. అవి తుదకు బొంతకు చుట్టంచులగును. గట్టిగా నున్న చీరలను పైకిని క్రిందికిని, చిల్లులు పడినవానిని నడుమను పేర్చి, నాలుగైదు పొరలైన పిమ్మట మూలలకు ఇటుకలు పెట్టును. ఇక్కడనే నేర్పంతయు గలదు. నడిమినుండి అంచులవైపునకు అఱచేతితో దువ్వుచు పెద్దకుట్లు వేసికొని పోవలెను. అంచునుండి మొదలిడినచో ముడుతలన్నియు నడుమకు చేరి, అసలుకుట్టు పడిన తరువాత ఎన్నటికిని వదలవు. దారపు ముడిని పొరల లోపలనే దాచవలెను. లేకున్న పసిబిడ్డ కాలివ్రేలికి తగులుకొనును.

7 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు గల బొంతను తీసికొందము. అంగుళమునకొక వరుస చొప్పున 60 వరుసలు. వరుసకు 7 అడుగులు. మొత్తము 420 అడుగుల కుట్టు. అంగుళమునకు నాలుగు కుట్లు వేసినను 20,000 దాటును. నిమిషమునకు పది కుట్లు పడునని యనుకొన్నచో 33 గంటల పని. ఇంటిపనుల నడుమ దినమునకు రెండు గంటలు చిక్కినచో పదునేడు దినములు పట్టును. ఉతుకుట, కోయుట, అంచు వేయుట ఈ లెక్కలో చేరలేదు.

ఈ లెక్క మేము వేసినది ఊరక కాదు. ఒకనాడు ఎల్.బి. నగరునుండి వచ్చిన యొక గృహిణి, బొంతను తిరుగవేసి చూచి మెచ్చికొనుచునే, "చీరెలు మావే గద అక్కా, దారానికే గద పైసలు?" అన్నది. ఆమె నొచ్చుకొనక, "పదిహేడు దినాలు కూసున్న అమ్మా, అది ఎవరియ్యాలె?" అని తన లెక్కపుస్తకమును చూపినది. అందు దినమునకెన్ని గంటలు కుట్టినదియు వ్రాసి యున్నది. గృహిణి చాలసేపు చూచి, అడిగినదానిలో కొంత తగ్గించియే యిచ్చి పోయినది. ఆమెయు పుచ్చుకొన్నది, బడిరుసుము కట్టవలసిన గడువది. మనమందఱము ఇంటిలో వెల లేకుండ కుట్టుటకు అలవాటుపడినవారము గనుకనే పొరుగుదాని కుట్టునకు వెల కట్టుటకు మనకు చేయి రాదని మా యభిప్రాయము.

అమెరికాలోని అలబామా రాష్ట్రమున గీస్ బెండ్ అను పల్లె కలదు. అచటి నీగ్రజాతి స్త్రీలు పొలపుపనులకు తొడిగిన పాతబట్టలతో చలికి బొంతలు కుట్టుకొనెడివారు. ఆ ప్రాంతపు స్త్రీలు 1966లో ఒక సహకారసంఘముగా నేర్పడి తమ కుట్టును అమ్ముకొనసాగిరి. 2002లో ఆ పల్లె బొంతలు హ్యూస్టను నగరపు లలితకళాప్రదర్శనశాల గోడలకెక్కినవి. 2006లో అమెరికా తపాలాబిళ్లలపై పది బొంతల చిత్రములు వచ్చినవి. మన వీధిదానిని ప్రదర్శనశాలలో పెట్టుమని మేము కోరుట లేదు. పదునేడు దినముల కూలి యిచ్చిన చాలును.

ఆదివారములందు ఆమె సూది ముట్టదు. చైతన్యపురినుండి మెట్రోరైలులో రెండవ మజిలీయే ఎల్.బి. నగరు, 2018 సెప్టెంబరు 24న ఈ మార్గము తెఱచినది మొదలు పిల్లలకు ఆ ప్రయాణమే యొక వేడుక. అటనుండి వనస్థలిపురమున నున్న మహావీర హరిణ వనస్థలికి పోదురు. 1994లో జాతీయోద్యానమైన ఆ వనమున కృష్ణజింకలు గలవు. మగజింక వీపు నల్లన, కడుపు తెల్లన. కొమ్ములు మెలికలు తిరిగి యుండును. చిన్నవాడు తన బొంతపై జింక కావలెనని పట్టుపట్టగా, నల్లచీర ముక్కతో వీపును, పాతపంచెతో కడుపును అతికి, కొమ్ములను గొలుసుకుట్టుతో తీర్చినది.

ఒకతడవ మేమును వారితో పోచంపల్లికి పోయితిమి. విజయవాడ మార్గమున కొంత దూరము పోయి ఎడమకు మరలవలెను. 1951లో వినోబాభావే భూదానోద్యమము మొదలైనది అచటనే. అచట నేయుటకు ముందే నూలునకు ముడులు వేసి రంగులద్దుదురు. కావున గుడ్డకు రెండు ముఖములును ఒక్కరీతిగా నుండును. మగ్గముల నొద్ద మేము చీరల రంగులు చూచుచుండగా, ఆమె మాత్రము ఒక తుంటగుడ్డను త్రిప్పి త్రిప్పి చూచి, దీనితో కుట్టిన బొంతకు తిరగవైపనునదే యుండదని సంతోషించి, అట్టి తుంటలను ఒక సంచెడు కొన్నది.

ప్రస్తుతము ఆమె యొద్ద గతించిన యొక తల్లి చీరలు ఏడున్నవి. కూతుండ్రిద్దఱు, ఎవరికి ఏది యనుటలో మాట పెరిగినదట. ఆమె ఒక్కొక్క చీరను నడిమికి గోసి రెండు బొంతలలోను వేయుచున్నది. ఏడు చీరలును ఇద్దఱికిని చేరును. రెండును చలికాలమునకు ముందే ముగియవలెను గనుక, క్రొత్తగా మూటలు తెచ్చువారిని సంక్రాంతి తరువాత రమ్మనుచున్నది.