కరివేపాకు చెప్పెడి కథ

తెలుగువారి లోకోక్తులలో కరివేపాకునకు న్యాయము జరుగలేదు. పని యున్నంతవఱకు వాడుకొని, పని తీరినపిదప త్రోసివేయబడిన వానిని 'కూరలో కరివేపాకు' అందురు. పోపులో చిటపటలాడి, పులుసునకు ప్రాణము పోసి, తుదకు విస్తరి అంచున మిగులుట దాని వ్రాత. అట్లు అంచునకు చేరెడి ఆ రెబ్బ ఒక మనుష్యుని పేరును మోయుచున్నదనియు, ఆ మనుష్యుడు కాకినాడలోని జగన్నాథపురమున కన్నుమూసెననియు ఎఱిగినవారు అరుదు.

వృక్షశాస్త్రజ్ఞులు కరివేపను 'బెర్గెరా కోనిగీ' అందురు. చాలకాలము 'ముర్రయా కోనిగీ' అని వ్యవహరించి, మరల తొలిపేరునే గ్రహించిరి. ముందరి పదము మాఱినను వెనుకటి పదము మాఱలేదు. ఆ పదములో నిలిచినవాడు యోహాన్ గెర్హార్డ్ కోనిగ్. మొక్కలకు రెండు మాటల పేరు పెట్టు పద్ధతిని లోకమున స్థిరపఱచిన స్వీడను పండితుడు లిన్నేయసు 1771 లో తన శిష్యుని పేరును ఈ పెరటిచెట్టునకు ఇచ్చెను.

కోనిగ్ 1728 లో బాల్టిక్ ప్రాంతమున జన్మించెను. 1768 లో డేన్ల వర్తకస్థావరమైన తరంగంబాడికి వైద్యుడుగా వచ్చెను. 1774 లో ఆర్కాటు నవాబు కొలువులోను, 1778 లో ఈస్టిండియా కంపెనీ కొలువులోను చేరెను. కొలువు ఏదైనను ఆయన పని ఒక్కటే: చెట్టును చూచుట, దాని పేరడుగుట, ఎండబెట్టి దాచుట. అయితే ఒంటరివాని కంటికి పొరపాటు సహజము. అందుచేత ఆయన స్ఫూర్తితో ఆ తీరమున ఒక చిన్న మిత్రమండలి వెలసెను. దానికి 'యునైటెడ్ బ్రదర్స్', అనగా ఐక్యసోదరులు, అని పేరు. క్రైస్తవ బోధకులైన జాన్, రాట్లర్, క్లైన్ మొదలగువారును, కంపెనీ వైద్యులు కొందఱును అందు కలిసిరి.

ఈ మండలికి భవనము లేదు, నిధి లేదు. ఒకనికి క్రొత్త మొక్క దొరకినచో దానిని కాగితముల నడుమ అదిమి, ఆరబెట్టి, తక్కినవారికి పంపును. వారు తమయొద్దనున్న వానితో పోల్చి చూచి, సందేహములు తీర్చుకొని, అందఱి సమ్మతితో పేరు నిర్ణయింతురు. అట్లు నిర్ణయించిన పేరునకు తఱచుగా ఒక్కని సంతకము గాక 'మాచేత' అను అర్థము గల లాటిను మాటను చేర్చెడివారు. ఒక మాట సత్యమని నిలుచుటకు ఒక్కని పాండిత్యము చాలదనియు, పలువురి కన్నులు దానిపై పడవలెననియు వారు గ్రహించిరి. ఆ సోదరులలో రాట్లర్ తరువాతి కాలమున తమిళ నిఘంటువును కూర్చుట యాదృచ్ఛికము కాదు. మొక్కకు పేరు వెదకుటయు, మాటకు అర్థము వెదకుటయు ఒకే జాతి శ్రమలు.

ఈ మండలికి తెలుగునేలపై దొరకిన స్థానము సామర్లకోట. విలియం రాక్స్‌బర్గ్ అను స్కాట్లండు వైద్యుడు 1776 లో మద్రాసు వైద్యశాఖలో చేరి, 1781 లో సామర్లకోట దండునకు వైద్యుడుగా వచ్చెను. అచ్చట ఆయన ఒక తోట వేసెను. రాజమహేంద్రవరపు కొండలలో పెరిగెడి అడవిమిరియపు తీగెలను తెచ్చి నాటించెను. కాఫీ, దాల్చినచెక్క, మల్బరీ, సీమపనస మొదలగు పరదేశపు మొక్కలను పెంచి చూచెను. కంపెనీవారి చూపు లాభముపై నుండుట సహజమే; మిరియము ఓడలకెక్కు సరకు. కాని రాక్స్‌బర్గ్ చూపు అంతటితో ఆగలేదు. చుట్టుపట్టుల ప్రజలు మందునకు, అద్దకమునకు, ఆహారమునకు వాడు ప్రతి మొక్కయు ఆయనకు పాఠ్యమే అయ్యెను. కోనిగ్ 1785 లో జగన్నాథపురమున అవసానదశలో నున్నపుడు ఆయనకు వైద్యము చేసినవాడు కూడ ఈతడే.

రెండేండ్లు గడువకమున్నే, 1787 మే నెలలో, కోరంగి తీరమును ఉప్పెన ముంచివేసెను. ఆ ఉప్పెనలో రాక్స్‌బర్గ్ పుస్తకములు, వ్రాతలు, ఎండుమొక్కల సేకరణము చాలవఱకు నశించినవి. ఏండ్లతరబడి కూర్చినది ఒక్కనాటిలో నీటిపాలైనపుడు సామాన్యుడు కలము విడుచును. ఆయన మరల మొదటినుండి ఆరంభించెను. దేశీయ చిత్రకారులను నియమించి, వేరు మొదలు గింజవఱకు ప్రతి భాగమును సహజవర్ణములలో చిత్రింపజేసెను. అట్లు సిద్ధమైన చిత్రములలోనుండి 300 ఏరి, 'కోరమాండల్ తీరపు మొక్కలు' అను పేర మూడు సంపుటములుగా లండనులో ముద్రించిరి. ముద్రణము 1795 లో ఆరంభమై 1820 లో ముగిసెను. ఆ నడుమనే, 1815 లో, గ్రంథకర్త మరణించెను.

ఆ గ్రంథమును తెఱచిన తెలుగు పాఠకునకు కలుగు ఆశ్చర్యము వేఱు. లాటిను పేర్లప్రక్కన 'తెలుగువారి పేరు' అని మొక్కల పేర్లు కనిపించును. మట్టినీటికుండలో చిల్లగింజను అరగదీసి నీటిని తేర్చు పద్ధతి అందు వర్ణింపబడినది. సర్కారు కొండలలోని సోమిదచెట్టు బెరడు చలిజ్వరములకు వాడదగినదని రాక్స్‌బర్గ్ భావించెను. దక్షిణ అమెరికానుండి తెప్పించు సింకోనా బెరడునకు బదులుగా అది పనికివచ్చునా అని ఎడింబరోకు పంపెను. 1794 లో అచ్చటి విద్యార్థి యొకడు దానిపై పరిశోధనవ్యాసమే వ్రాసెను. బెరడు సింకోనాను జయింపలేదు. కాని ఆ మాట శాస్త్రమున శాశ్వతముగ నిలిచినది: ఆ చెట్టు ప్రజాతికి 1830 లో 'సోయ్మిడా' అనియే నామకరణము చేసిరి. లోకమున ఏ దేశపు వృక్షశాస్త్రజ్ఞుడైనను ఆ చెట్టును పేర్కొనవలసివచ్చినపుడు ఒక తెలుగుమాటను పలుకక తప్పదు.

పేరును ఇంతగా పట్టించుకొనుట ఎందులకని విద్యార్థులు ప్రశ్నింపవచ్చును. కొడిశపాల, అంకుడు అను రెండు చెట్ల కథ దానికి సమాధానము చెప్పును. రెండును పాలుగారు చెట్లే. రెండింటికిని ఆకులు ఎదురెదురుగా పుట్టును, పూలు తెల్లనివి, కాయలు జంటలుగా వ్రేలాడును. పాలకొడిశ యను పేరును కొన్ని తావులలో దీనికి, కొన్ని తావులలో దానికి వాడుదురు. సంస్కృతమున కుటజము, గిరిమల్లిక యని ప్రసిద్ధమైనది కొడిశపాల. మేఘసందేశములో యక్షుడు మేఘునకు అర్ఘ్యముగా నిచ్చిన పూలు కుటజములే. దాని బెరడు కఱకు చేదు. రక్తవిరేచనములకు ఆయుర్వేదమున పేరొందిన మందు. అంకుడు బెరడునకు ఆ గుణము లేదు. దాని తెల్లని మెత్తని కఱ్ఱ ఏటికొప్పాక లక్కబొమ్మలకు ప్రాణము. దాని ఆకులనుండి నీలిరంగు తీయవచ్చునని రాక్స్‌బర్గ్ వ్రాసెను. ఒకటి మందుచెట్టు, ఒకటి బొమ్మలచెట్టు.

అంగడిలో బొమ్మలచెట్టు బెరడును మందుచెట్టు బెరడుగా అమ్మిరి. రోగులకు గుణము కనబడలేదు. దానితో కొడిశపాల బెరడే పనికిమాలినదను అపకీర్తి ఐరోపా వైద్యులలో వ్యాపించెను. తప్పు చెట్టుది కాదు, గుర్తింపనివారిది. అడవిలో పసులకాపరి మాత్రము పొరబడడు. అంకుడుకాయల జంట లేతనాడు కొనలవద్ద కలిసియుండును. కొడిశకాయలు సన్ననివై విడివిడిగా వ్రేలాడును. నాలుకపై చేదు మఱియొక సాక్షి. చరకసంహిత కూడ కుటజమున పురుషజాతి, స్త్రీజాతి యని రెండు భేదములు చెప్పి, పూల వన్నెను, కాయల పరిమాణమును గుర్తులుగా నిచ్చినది. అనగా ఈ చిక్కు ప్రాచీనమైనదే. దానికి విరుగుడును ప్రాచీనమైనదే. పేరును ఆకుతో, పువ్వుతో, కాయతో జతపఱచి నేర్చుకొనుటయే ఆ విరుగుడు.

రాక్స్‌బర్గ్ 1793 లో కలకత్తా తోటకు అధిపతియై వెడలిపోయెను. ఐక్యసోదరులలో చేరిన బెంజమిన్ హైన్ కొంతకాలము సామర్లకోట తోటను చూచి, తరువాత బెంగుళూరు లాల్‌బాగ్ బాధ్యతను స్వీకరించెను. కంపెనీ దృష్టి అన్యత్ర మఱలెను. సామర్లకోట తోట నిలువలేదు. కాని దాని పంట తెలుగు పండితుని బల్లమీదికే చేరినది. 1852 లో వెలువడిన బ్రౌను నిఘంటువులో మొక్కల పేర్లవద్ద 'రాక్స్' అను సంక్షేపము తఱచు కానవచ్చును. సామర్లకోట వైద్యుని సాక్ష్యము అది. కావ్యములో ఒక చెట్టుపేరు తగిలి, ఉపాధ్యాయుడు నిఘంటువును తెఱచినపుడెల్ల, తెలియకయే ఆ తోటలో ఒక అడుగు వేయుచున్నాడు.

అయితే ఆ మహాగ్రంథమునందు ఒక లోపము కలదు. లాటిను పేరు కలదు, తెలుగు పేరు కలదు, చిత్రము కలదు, ఉపయోగము కలదు. ఆ తెలుగు పేరును చెప్పినవాని పేరు లేదు. చిల్లగింజను అరగదీసి చూపిన చేయి ఎవరిది? సోమిద బెరడును కొండనుండి తెచ్చినవాడెవడు? ఆ చిత్రములను లిఖించిన దేశీయుల పేర్లును ముఖపత్రముపై లేవు. ఏ వైద్యుని భార్యయో, ఏ కోయదొరయో, ఏ పసులకాపరియో తరతరముల ఎఱుకను ఒక ప్రొద్దులో ధారపోసి ఇంటికి వెడలిపోయి యుందురు. కోనిగ్‌కు కరివేప దక్కినది. కరివేపను అంతకు వేలయేండ్లకు ముందే పోపులో వేసినవారికి ఏదియు దక్కలేదు. లోకోక్తి వారియెడల అక్షరాల ఫలించినది.

ఈ లోపమును నేడు దిద్దగల చోటు పాఠశాల. తెలుగింట ప్రతి సంవత్సరము ఒకనాడు ప్రతి బాలుడును మూలికాన్వేషియగు ఆచారము ఉండనే యున్నది. వినాయకచవితికి ఇరువదియొక పత్రములు కావలెను: మాచిపత్రి, మారేడు, గరిక, ఉత్తరేణి, వావిలి, జమ్మి, మద్ది మొదలైనవి. వేకువనే పిల్లలు చెఱువుగట్లపై, పొలముగట్లపై తిరిగి, పెద్దలనడిగి, వానిని కోసి తెచ్చెడివారు. ఆ జాబితాలోనే ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు అను విషపు మొక్కలును కలవు. దేనిని దేవునిముందు పెట్టవలెనో, దేనిని నోటిలో పెట్టరాదో ఒకే ఉదయమున తెలియుచుండెను. నేడు పట్టణములలో పత్రి అంగడినుండి కట్టగా వచ్చుచున్నది. దారము విప్పి ఆకు ఆకునకు పేరు చెప్పగలవారు ఇంటికి ఒక్కరుండుటయు కష్టమైనది. కట్టలో ఇరువదియొక జాతులున్నవో, ఏడే యున్నవో అడుగువారు లేరు.

ఐక్యసోదరుల మండలివంటిదే ఒక బడిలో వెలయుటకు పెద్ద సాధనములు అక్కఱలేదు. పాత వార్తాపత్రికలు కొన్ని, అట్టలు కొన్ని, గోడప్రక్క నాలుగు మళ్లు చాలును. తులసి, నేలవేము, సుగంధిపాల, వాము, మాచిపత్రి, కరివేప అందు పెరుగును. ప్రతి బాలుడు ఒక మొక్కకు బాధ్యుడై, దాని కొమ్మను అదిమి ఆరబెట్టి అట్టకు అంటించును. మఱియొక ఊరి బడి పిల్లలు దానిని పరిశీలించి, తమ ఊరి పేరును చేర్చి త్రిప్పి పంపుదురు. వైద్యము చేయుట దీని ఉద్దేశము కాదు. మందు నిర్ణయించుట వైద్యుని పని. గుర్తెఱుగుట మాత్రమే విద్యార్థి పని.

అట్టపై వ్రాయవలసిన పంక్తులు నాలుగు: తెలుగు పేరు, శాస్త్రనామము, దొరకిన చోటు, పేరు చెప్పినవారు. మొదటి మూడింటిని సామర్లకోటవారు వ్రాసిరి. నాలుగవదానిని విడిచిరి. ఆ నాలుగవ పంక్తిలో ఒక నాయనమ్మ పేరు, ఒక గొల్లతాత పేరు, ఒక చెంచువాని పేరు పడిననాడు బాలునకు ఒక సంగతి బోధపడును: తనయింటి ముసలివారి నోట నున్నది కాలక్షేపపు ముచ్చట కాదు, శాస్త్రమునకు మూలము అని.

పెరటిచెట్టు వైద్యమునకు పనికిరాదని మఱియొక లోకోక్తి కలదు. దగ్గఱనున్న దానిని చూడని కంటిని ఎత్తిపొడుచుటకే పెద్దలు ఆ మాటను పుట్టించియుందురు. బాల్టిక్ ప్రాంతమునుండి వచ్చినవానికి కనబడిన చెట్టు పెరటిలోనివారికి కనబడకపోవుట తగదు. ఈసారి విస్తరి అంచున కరివేపరెబ్బ నిలిచినపుడు, దానిని తీసివేయుటకు ముందు ఒక్క క్షణము చూడవలెను. దానికి ఒక పేరు కలదు. ఆ పేరువెనుక, పేరు లేనివారు పెక్కుమంది కలరు.