పనియు వేడిమియు: వంటయింటి లెక్క

తిరగలిలో బియ్యము విసరునపుడు రాళ్ల సందునుండి రాలు పిండి గోరువెచ్చగా నుండుట మనలో పెక్కుమంది యెరుగుదురు. తిరగలి మూలబడిన యిండ్లలోనైనను, పిండిమరనుండి వచ్చిన మూట వేడిగానే యుండును. మిక్సీలో మినపపప్పు రుబ్బునపుడు గిన్నె వేడెక్కి, చల్లని నీరు పోయవలసి వచ్చును. అచ్చట నిప్పు లేదు గదా! ఈ వేడిమి యెచ్చటిది?

వేడిమి యనునది కంటికి కానరాని యొక ద్రవమనియు, అది వస్తువులలో దాగియుండి రాపిడిచే వెలికి వచ్చుననియు ఒకప్పుడు యూరోపు పండితులు తలచెడివారు. మ్యూనిక్ నగరమున ఫిరంగుల తయారీని చూచుచుండిన రంఫర్డ్ ప్రభువునకు ఈ మాట నచ్చలేదు. ఆయన మొద్దుబారిన బరమాతో ఫిరంగి లోహమును తొలిపించుచు, దానిచుట్టు నీరు నింపించెను. గుర్రములు బరమాను త్రిప్పుచుండగా రెండున్నర గంటలకు ఆ నీరు నిప్పు లేకయే తెర్లినది. ఈ సంగతి 1798వ సంవత్సరమున ప్రకటితమయ్యెను. త్రిప్పినంతకాలము వేడిమి పుట్టుచునే యుండెను. దాగిన ద్రవమే యైనచో ఎప్పుడో యొకప్పుడు తరిగిపోవలెను గదా!

తరువాత మాంచెస్టరు ప్రాంతమున, బీరు తయారుచేయు కుటుంబమున పుట్టిన జేమ్స్ జౌల్ ఈ విషయమునకు లెక్క కట్టెను. ఆయన యంత్రము చూచిన మన మజ్జిగ కవ్వమే జ్ఞప్తికి వచ్చును. బరువులు క్రిందికి దిగుచుండగా, వానికి కట్టిన త్రాళ్లు నీటిలోని తెడ్లను త్రిప్పును; నీరు మిక్కిలి స్వల్పముగా వెచ్చబడును. ఒక పౌను నీటిని ఒక ఫారెన్‌హీట్ డిగ్రీ వెచ్చచేయుటకు 772 పౌనుల బరువును అడుగెత్తు లేపినంత పని కావలెనని 1850లో ఆయన ప్రకటించెను. 1889లో గతించిన ఆయన సమాధిపై 772.55 అను అంకె చెక్కబడియున్నది. అంకెను మోయు సమాధిని మేము మరియొక దానిని వినలేదు.

ఇక ఈ లెక్కను మన పెరటికి తెత్తము. పది మీటర్ల లోతు బావినుండి పది లీటర్ల చేద నొకదానిని లాగుటకు, చేద బరువును త్రాటి బరువును విడిచినను, సుమారు 980 జౌళ్ల పని యగును. ఒక్క లీటరు నీటిని 30 డిగ్రీలనుండి 100 డిగ్రీలకు కాచుటకో, సుమారు 2,93,000 జౌళ్లు కావలెను. అనగా ఒక చెంబెడు నీరు తెర్లించుట మున్నూరు చేదలు తోడినంత పని! రెక్కలు విరుగునట్లు నీరు తోడిన యిల్లాలి శ్రమ యెంతటిదో మనకు తెలియును. పొయ్యిలోని పుల్ల చేయు పని మాత్రము మన లెక్కలోనికి రాదు.

ఎండిన కట్టె ఒక కిలో కాలినచో కోటిన్నర జౌళ్లకు తక్కువ కాని వేడిమి వచ్చును. అది యంతయు గిన్నెకే చేరినచో ఏబది లీటర్ల నీరు తెర్లవలెను. మూడు రాళ్ల పొయ్యి తరచుగా అందులో అయిదవ వంతు పనియైనను చేయదు. తక్కినది గాలిపాలు, గోడపాలు. పొగ మాత్రము వండు తల్లి కన్నులకును ఊపిరితిత్తులకును మిగులును. పచ్చి కట్టెయైనచో మొదట తనలోని నీటిని తానే ఆవిరి చేసికొనవలెను. మోపు నెత్తిన పెట్టుకొని క్రోసులు నడచు స్త్రీలకు ఈ నష్టము చిన్నది కాదు; గ్యాసు పొయ్యి వెలిగించు వారికిని రొక్కము రొక్కమే.

అన్నిటికంటె పెద్ద దుబారా వేరొకచోట నున్నది. ఎసరు తెర్లిన పిదప మంట నెంత పెంచినను, మూత బిగింపని గిన్నెలో నీటి వేడిమి 100 డిగ్రీలను దాటదు. స్కాట్లండు పండితుడు జోసెఫ్ బ్లాక్ 1760 ప్రాంతమున దీని మర్మము కనుగొనెను: అటుపై వచ్చు వేడిమి యంతయు నీటిని ఆవిరిగా మార్చుటకే వ్యయమగును. లీటరు నీటిని తెర్లించుటకు పట్టిన దానికంటె, తెర్లిన నీటిని పూర్తిగా ఆవిరి చేయుటకు ఏడెనిమిది రెట్లు వేడిమి పట్టును. కుతకుత ఉడికినను, తళతళ తెర్లినను అన్నము ఇంచుమించు ఒకే వేళకు ఉడుకును. కావున ఎసరు పొంగగానే కట్టెలు వెనుకకు లాగి, మూత వేయుడు. "మంట తగ్గించినచో మెతుకు పలుకగును" అని పెద్దలు గద్దించినచో, ఒకనాడు రెండు విధముల వండి చూపుడు. కందిపప్పుకు కుక్కరు మేలు. అందు ఆవిరి యొత్తిడిచే నీరు 120 డిగ్రీల వరకు కాగును.

ఆ ఆవిరిలో దాగిన వేడిమియే మన చేతులకు శత్రువు. తెర్లు నీరు ఒక గ్రాము చర్మముపై పడి చల్లబడునపుడు సుమారు 63 క్యాలరీలు విడుచును. అంతే యావిరి నీరై చల్లబడునపుడు 600 క్యాలరీలకు పైగా విడుచును. గంజి వార్చునపుడు మూతను మనవైపు కాక ఆవలివైపునకు తెరువవలెను. కుక్కరు ఒత్తిడి తగ్గకుండ మూత ముట్టరాదు. మసిగుడ్డ పొడిగా నుండవలెను. పొడిగుడ్డ పోగుల నడుమ గాలి వేడిని ఆపును. తడిగుడ్డలో నీరు దానిని తిన్నగా చేతికి చేర్చును. చేయి కాలినచో సిరా, నూనె, పేడ పూయక, వెంటనే గాజులు, ఉంగరములు తీసి, ఇరువది నిమిషములు చల్లని పారు నీటి క్రింద నుంచుడు. బొబ్బలు పెద్దవైనను, కాలినది పసిబిడ్డయైనను వైద్యునియొద్దకు తీసికొనిపోవుడు.