తమ్ముణ్ని ముందుకు తోసిన అన్న

ట్రయాథ్లాన్ ఒంట్లో సత్తువంతా పిండేసే ఆట. ఒలింపిక్స్‌లో ఒకటిన్నర కిలోమీటర్లు ఈది, 40 కిలోమీటర్లు సైకిల్ తొక్కి, ఆగకుండా 10 కిలోమీటర్లు పరుగెత్తాలి. ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్ అన్నదమ్ములు అలిస్టర్, జానీ బ్రౌన్లీ ఇందులో ఒకరికొకరు గట్టి పోటీ. 2016 రియో ఒలింపిక్స్‌లో అన్నకు స్వర్ణం, తమ్ముడికి రజతం. తేడా 6 సెకన్లే.

నెల తిరిగేసరికి మెక్సికోలోని కొజుమెల్‌లో మళ్లీ తలపడ్డారు. ఈసారి జానీదే ముందంజ. గెలిస్తే ప్రపంచ టైటిల్ కూడా అందే అవకాశం ఉంది. ముగింపు గీత ఇంకా కొన్ని వందల మీటర్ల దూరం ఉందనగా ఎండదెబ్బకు అతని కాళ్లు తడబడ్డాయి. తూలుతూ దారి పక్కకు జరిగిపోయాడు. వెనకే వస్తున్న అలిస్టర్‌కు అది గెలిచే అవకాశం. కానీ అతను తమ్ముడి చేతిని తన మెడ చుట్టూ వేసుకుని, మోసుకెళ్లినంత పని చేశాడు. ఈలోగా దక్షిణాఫ్రికా ఆటగాడు హెన్రీ స్కూమన్ దూసుకెళ్లి గెలిచాడు. గీత దగ్గర కూడా అలిస్టర్ తమ్ముణ్నే ముందుకు తోశాడు. జానీ రెండు, తాను మూడు.

ఆ తర్వాత కోప్పడ్డాడు కూడా, వేగం చూసుకుని పరుగెత్తి ఉంటే గెలిచేవాడు కదా అని. ఏ ఇంట్లోనైనా అన్న పెట్టే చీవాట్లే అవి!

ఫలితంపై స్పెయిన్ ఫిర్యాదు చేసినా నిర్వాహకులు తోసిపుచ్చారు. ప్రపంచ టైటిల్ మాత్రం 4 పాయింట్ల తేడాతో జానీ చేజారింది.