అంకెలకెక్కిన గుర్రపు పరుగు

సంక్రాంతి నాళ్లలో కృష్ణా డెల్టా గ్రామాలలో రెండు విధాల పందేలు కానవస్తవి. చట్టం కాదన్నా సాగే కోడిపందెం ఒకటి. అక్కడ పందెగాని జేబులో కుక్కుటశాస్త్రం ఉంటుంది. ఏ వారం, ఏ నక్షత్రాన డేగ గెలుచునో, ఎప్పుడు కాకిది పైచేయి అగునో అందులో అచ్చువేసి ఉంటుంది. రెండవది ఒంగోలు ఎడ్ల బండలాగుడు. అక్కడ శాస్త్రం లేదు, టేపు ఉన్నది. ఇన్ని నిమిషాలలో ఇన్ని అడుగులు లాగినవని మైకులో చెబుతారు. ఒకటి జోస్యం, మరొకటి కొలత.

గుర్రప్పందెం కూడా చాలాకాలం మొదటి తోవలోనే నడిచింది. విజయవాడలో రేసు మైదానం లేదు. తెలుగువారి ప్రసిద్ధ రేసులు హైదరాబాదువి. 1868లో మౌలాలిలో ఆరంభమై 1886లో మలక్‌పేటకు చేరినవి. అయితే వేగానికి అంకెలు కట్టే విద్యకు పేరు తెచ్చినవాడు ఇంగ్లండులోని ఒక లెక్కల మేష్టారు. బొగ్గుగని కార్మికుని కుమారుడైన ఫిల్ బుల్ లీడ్స్ విశ్వవిద్యాలయంలో గణితం చదివి, లండనులో పాఠాలు చెప్పుకొంటూ, పరుగుల కాలాలను లెక్కకట్టి చందాదారులకు మారుపేరుతో పంపేవాడు. 1948లో ఆయన స్థాపించిన ‘టైమ్‌ఫామ్’ నేటికీ ఉన్నది.

పరుగు ఎన్ని సెకండ్లో చూడడానికి గడియారం చాలదా అని విద్యార్థులు అడుగవచ్చును. చాలదు. తడిసిన బరిలో ఒక ఎడ్లజత 2,800 అడుగులు, ఎండిన బరిలో మరొక జత 3,000 అడుగులు లాగినవనుకోండి. ఏది బలమైనది? ఆనాడు ఆ బరిలో తక్కిన జతలన్నీ మామూలుకన్నా ఎంత వెనుకబడినవో తేల్చి, ఆ తేడాను సరిచేస్తేగాని చెప్పలేము. గుర్రానికీ అంతే. పైగా ఒకటి ఆరు ఫర్లాంగులు పరుగెత్తితే, మరొకటి ఎనిమిది, అంటే మైలు, పరుగెత్తుతుంది. ఈ రెంటినీ ఒకే కొలబద్ద మీదకు తేవాలి. ఇంత శ్రమ ఎవరు పడతారు?

అమెరికాలో ఆండ్రూ బేయర్ పడ్డాడు. హార్వర్డులో చదువుతూ ఛాసర్ పరీక్ష మానివేసి బెల్‌మాంట్ పందేనికి పోయినాడంటారు. (ఉపాధ్యాయులు క్షమింతురుగాక.) 1975లో ‘పికింగ్ విన్నర్స్’ అనే గ్రంథంలో తన లెక్క విధానమంతా వెల్లడించినాడు. ఆయన అంకెలు 1991లో ‘రేసింగ్ టైమ్స్’లోను, 1992 నుంచి ‘డెయిలీ రేసింగ్ ఫామ్’లోను ప్రతి గుర్రం పేరుకింద అచ్చయినవి. రాత్రింబవళ్లు కూర్చొని కట్టిన లెక్క పత్రిక కొన్న ప్రతివానికీ దక్కింది.

ఇక్కడే చిక్కు వచ్చింది. అక్కడి పందెపు సొమ్మంతా ఒక రాశిగా పోసి, గెలిచినవారికి పంచుతారు. రాశి వెయ్యి రూపాయలనుకొని, పన్నులకు, ఖర్చులకు రెండువందలు తీసివేయండి. మిగిలిన ఎనిమిదివందలలో, గెలిచిన గుర్రంపై వందే పడి ఉంటే రూపాయికి ఎనిమిది వస్తవి. నాలుగువందలు పడి ఉంటే రెండే. గుర్రం అదే, పరుగు అదే. దాని సంగతి తెలిసినవారి సంఖ్య పెరిగింది. ఆ రెండువందల కోత మాత్రం ఎవరికెంత తెలిసినా ఆగదు. ఆ సంగతి మరచి లెక్కను నమ్ముకొన్నవాడికి లెక్క రాదనే చెప్పవలసి ఉంటుంది.

ఈ గతిని బేయర్ ముందే పసిగట్టినట్లున్నది. 1983లో వ్రాసిన మరొక గ్రంథంలో అంకెకు అందనివాటిని చూడమన్నాడు: మలుపులో గుర్రం ఎంత వెలుపలగా పరుగెత్తింది, ఎవరు దారి అడ్డినారు, ముందున్నవి ఎంత జోరుగా పోయినవి అనే సంగతులు. కొలత అందరిదయ్యేసరికి పందెగాడు మళ్లీ కంటినే ఆశ్రయించినాడు.

మన సుప్రీంకోర్టు 1996లో గుర్రప్పందెం ప్రధానంగా నేర్పుతో కూడినదని తీర్పు చెప్పింది. నేర్పు ఉన్నదంటే అందరికీ లాభమున్నదని కాదు. ఒకరి నేర్పుకు సొమ్మిచ్చేది మరొకరి అజ్ఞానమే.

కుక్కుటశాస్త్రం సంగతి వేరు. అది ఇరుపక్షాల జేబులలోను ఉంటుంది. అయినా దాని గిరాకీ తగ్గలేదు. ఓడినవాడు ఘడియ లెక్క తానే తప్పినాననుకొని, మరుసటి సంక్రాంతికి మళ్లీ ఆ పుస్తకాన్నే విప్పుతాడు.