నీళ్ల నడుమ వరి దాహం

చుట్టూ కాలువలు పారే కోనసీమకు కరవును తట్టుకునే వరితో పనేమిటి? జవాబు ఉప్పలగుప్తం మండలంలో, ఎస్.యానాం వైపు సముద్రపు అంచున ఉన్న నేలల్లో ఉంది. పోటు సమయంలో ఉప్పునీరు మురుగు కాలువల్లోకి ఎగదన్నుతుంది. దాళ్వాలో, అంటే రబీలో, కాలువ నీరు తగ్గితే భూమిలోని ఉప్పు పైకి తేలుతుంది. అప్పుడు మడిలో తడి ఉన్నా వరి వాడిపోతుంది.

మాగాయ ముక్కలకు ఉప్పు పట్టిస్తే వాటిలోని నీరు బయటికి ఊరుతుంది. నేలలో ఉప్పు పెరిగితే వరి వేళ్లకూ అదే ఇబ్బంది: ఎదురుగా నీరున్నా లోపలికి లాక్కోలేవు. అంటే మొక్కకు ఉప్పు నేల కూడా ఒక రకం కరవు నేలే. దీనికి తోడు సోడియం ఆకుల్లో పేరుకుని వాటిని మాడుస్తుంది. నారు దశలో, ఈనే దశలో వరి ఈ దెబ్బకు మరీ లొంగిపోతుంది.

కరవు, ఉప్పు అనే ఈ రెండు కష్టాలకూ సంబంధమున్న డీఎస్‌టీ అనే జన్యువు గురించి చైనా శాస్త్రవేత్తలు 2009లో వెల్లడించారు. వేళ్లు పీల్చిన నీటిలో చాలా భాగం ఆకుల మీది పత్రరంధ్రాల గుండా ఆవిరైపోతుంది. రంధ్రాల కాపలా కణాల్లో హైడ్రోజన్ పెరాక్సైడ్ పేరుకుంటే అవి మూసుకుంటాయి. దాన్ని తొలగించే జన్యువులను పని చేయించేది డీఎస్‌టీ. అందుకే డీఎస్‌టీని ఆపేస్తే రంధ్రాలు త్వరగా మూసుకుంటాయి, వాటి సంఖ్యా తగ్గుతుంది. ఆకులో నీరు నిలుస్తుంది.

ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ ఇలా డీఎస్‌టీని ఆపడానికి మన గోదావరి రకాన్నే ఎంచుకుంది. మార్టేరు పరిశోధన కేంద్రంలో పుట్టిన ఎంటీయూ 1010, రైతులు కాటన్‌దొర సన్నాలు అని పిలిచే రకం అది. క్రిస్పర్ పద్ధతిలో చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్క దారి చూపగా, క్యాస్9 అనే ఎంజైము డీఎస్‌టీ జన్యువును కత్తిరించింది. కణం ఆ తెగిన చోటును అతుక్కునేటప్పుడు కొంత భాగం ఊడిపోయి, జన్యువు మూగబోయింది. అర్జెంటీనా 2020లో ఆమోదించిన హెచ్‌బీ4 గోధుమ దారి వేరు: కరవును తట్టుకోవడానికి అందులో పొద్దుతిరుగుడు జన్యువును చేర్చారు. ఇక్కడ చేర్చింది లేదు, వరి సొంత జన్యువునే ఆపారు. ఇలాంటి సవరణలకు భారత ప్రభుత్వం 2022లో జన్యుమార్పిడి పంటల కఠిన నిబంధనల నుంచి మినహాయింపు ఇచ్చింది. 2025 మే 4న ఈ వరిని పూసా డీఎస్‌టీ రైస్ 1 పేరుతో కేంద్రం ప్రకటించింది.

అయితే పత్రరంధ్రాలు నీటిని వదిలే దారులే కాదు, ఆహారం తయారీకి కావలసిన కార్బన్ డయాక్సైడును లోపలికి తెచ్చే దారులు కూడా. అవి మరీ తగ్గితే గింజకూ నష్టమే. ప్రకటించిన దిగుబడులకు క్షేత్ర పరీక్షల లెక్కలు సరిపోవడం లేదని జన్యుమార్పిడిని వ్యతిరేకించే సంఘాలు విమర్శించగా, భారత వ్యవసాయ పరిశోధన మండలి (ఐసీఏఆర్) ఆ విమర్శలను తోసిపుచ్చింది. రైతుకు తేల్చి చెప్పేది మాత్రం రకరకాల నేలల్లో, వరుస పంటల్లో వచ్చే దిగుబడే.

పైగా కోనసీమకు సార్వాలో, అంటే ఖరీఫ్‌లో, వచ్చే కష్టం దీనికి పూర్తిగా వేరు. అది ముంపు. దానికి ఒడిశా దేశవాళీ వరి నుంచి స్వర్ణ అనే వరి రకంలోకి తెచ్చిన సబ్1 జన్యువు ఉంది. రెండు వారాల దాకా మునిగినా మొక్కను అది బతికిస్తుంది. డీఎస్‌టీ సవరణ ఆ పని చేయదు. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు వారు చెప్పిన బాధల్లో మురుగు పారకపోవడం ఒకటి. ముంపు నీరు బయటికి పోవాలన్నా, మంచినీటితో ఉప్పు కడిగేయాలన్నా డ్రెయిన్లు పూడిక లేకుండా ఉండాలి. కొత్త విత్తనం తట్టుకునే శక్తిని కొంత పెంచగలదు గానీ, కాలువ తవ్వే పని మాత్రం చేయలేదు.